సైకిల్‌కి పెట్టే మొదటి ఇంజిన్ ఏది?

అందరికీ నమస్కారం. డిప్లొమా మెకానికల్ చదివే పిల్లలు ఇంతమంది సైకిల్‌కి ఇంజిన్ బిగించాలని ఉత్సాహపడుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. మీలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "సార్, మొదటిసారి ఏ కిట్ కొనాలి?" జవాబు ముందే చెప్పేస్తాను. చిన్నది కొనండి, మీ ఊళ్లోనే రిపేరు అయ్యేది కొనండి.

ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనిపించేది "80 సీసీ" టూ స్ట్రోక్ కిట్. చాలావాటిలో బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 47 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 38. లెక్క కట్టండి, 66 సీసీ వస్తుంది. ఇంజిన్ సైజే సరిగ్గా చెప్పనివాళ్లు మిగతా విషయాల్లో చెప్పే మాట ఎంతవరకు నమ్మాలి? పైగా 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం, నాలుగు చక్రాల కంటే తక్కువ ఉన్న బండికి ఇంజిన్ 25 సీసీ మించకపోతేనే అది మోటారు వాహనం కాదు. మించితే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ కావాలి. ఇంట్లో బిగించిన సైకిల్‌కి రిజిస్ట్రేషన్ ఎక్కడ అవుతుంది? ఆ బండి ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మీ నాన్నగారి మీద పడుతుంది. నాకు అసలు టెన్షన్ అదే.

అందుకే నేను 25 సీసీ ఫోర్ స్ట్రోక్ వైపు ఉంటాను. హోండా జీఎక్స్25 లాంటి ఇంజిన్ గడ్డి కోసే బ్రష్ కట్టర్లకు వస్తుంది. బరువు సుమారు 3 కిలోలు, ఇచ్చేది దాదాపు ఒక హార్స్‌పవర్. టూ స్ట్రోక్‌లో లాగా పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు. అయితే లోపల పట్టే ఆయిల్ 80 మిల్లీలీటర్లే కాబట్టి బండి తీసే ప్రతిసారీ చూసుకోవాలి. మన పల్లెల్లో బ్రష్ కట్టర్లు బాగా వాడుతున్నారు, వాటిని విప్పి బిగించే మెకానిక్ మండల కేంద్రంలో దొరుకుతాడు. కానీ బ్రష్ కట్టర్ షాపులో ఉన్నవన్నీ 25 సీసీవి కావు. 43, 52 సీసీవి చాలా ఉంటాయి. ప్లేటు మీద రాసింది చదివి తీసుకోండి.

ఇక్కడ గేరు లెక్క చేయాలి. ఆ ఇంజిన్ పూర్తి పవర్ ఇచ్చేది 7000 ఆర్పీఎం దగ్గర, అంటే నిమిషానికి 7000 సార్లు తిరిగినప్పుడు. 26 అంగుళాల చక్రం గంటకు 25 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 200 సార్లు తిరుగుతుంది. అంటే ఇంజిన్ వేగాన్ని 35వ వంతుకు తగ్గించాలి. ఒక్క చైనుతో అది కుదరదు. కిట్‌తో గేర్‌బాక్స్ వస్తుందో లేదో అమ్మేవాళ్లను అడగండి. గేర్‌బాక్స్ లేకుండా ఇంజిన్ మాత్రమే ఇస్తే అది కిట్ కాదు.

అసలు ప్రమాదం ఇంజిన్లో కన్నా వెనక చక్రం దగ్గర ఉంది. చవక కిట్లలో పెద్ద స్ప్రాకెట్‌ని (చైను ఎక్కే పళ్ల చక్రాన్ని) స్పోకులకు రెండువైపులా రబ్బరు ముక్కలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. అది నడి మధ్యకు రావడం కష్టం. కొంచెం పక్కకు జరిగినా చైను ఒకచోట బిగుసుకుంటుంది, ఇంకోచోట వదులవుతుంది. స్పోకులు కూడా తెగుతాయి. చక్రం మధ్యలోని హబ్‌నే పట్టుకునే అడాప్టర్ ఉన్న కిట్ అయితే రేటు ఎక్కువైనా అదే తీసుకోండి. ఇంకొకటి, చైను టైటు చేసే రోలరు. దాన్ని ఫ్రేము గొట్టానికి క్లాంపుతో బిగిస్తారు. క్లాంపు వదులైతే రోలరు పక్కకు తిరిగి స్పోకుల్లోకి దూరుతుంది, చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. చైను పొడవు సరిగ్గా కత్తిరించుకుంటే చాలా ఫ్రేములకు ఆ రోలరు అవసరమే రాదు. రాకుండా చేసుకోండి, దయచేసి.

బ్రేకుల గురించి కూడా ఒక మాట. రాడ్ బ్రేకులున్న పాత సైకిల్ మీద ఏ ఇంజినూ పెట్టొద్దు. వానలో రిమ్ము తడిస్తే అవి దాదాపు పట్టవు. రెండు చక్రాలకీ మంచి బ్రేకులున్న సైకిల్ ముందు సంపాదించండి, కిట్ తర్వాత.

మీ ఊళ్లో రిపేరు అయ్యేది కొనమన్నానుగా, దానికి చరిత్రలోనూ ఆధారం ఉంది. 1946లో సోయిచిరో హోండా సైన్యం వైర్‌లెస్ సెట్లకు వాడిన చిన్న జనరేటర్ ఇంజిన్లను సైకిళ్లకు బిగించి అమ్మాడు. 1952లో ఆయన పెట్టిన హోండా కంపెనీ కబ్ ఎఫ్ అనే 50 సీసీ కిట్ తెచ్చినప్పుడు, కంపెనీలో అమ్మకాలు చూసే తకేవో ఫుజిసావా దాన్ని అమ్మిపెట్టమని జపాన్ అంతటా సైకిల్ షాపులకు ఉత్తరాలు రాశాడు. సైకిల్ బాగుచేసే మనిషి దగ్గరే ఇంజినూ దొరికింది. మీరూ కొనేముందు పిస్టన్ రింగు, గాస్కెట్, కార్బ్యురేటర్ విడిగా ఇస్తారా అని అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

కరెంటు మోటారు సంగతేంటని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం లోపు ఉంటే దానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రోజూ కాలేజీకి వచ్చి వెళ్లడానికే అయితే నేను అదే తీసుకోమంటాను. ఇంజిన్ విప్పి నేర్చుకోవాలనుకునేవాళ్లకే పెట్రోలు కిట్. ఏది కొన్నా డబ్బు కట్టే ముందు వివరాలు తెచ్చి నాకు చూపించండి, గేరు లెక్క కలిసి చేద్దాం.