చర్మం మీద గడ్డలు: ఇన్‌ఫ్లమేషనా, ల్యుకేమియానా?

యాంకర్: ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఒంటిమీద ఎర్రగా ఏది లేచినా, జబ్బు చర్మానికి పాకిందేమోనని టెన్షన్. మేడమ్, చూడగానే చెప్పగలరా?

చర్మవైద్యురాలు: అనుమానించగలనండి, తేల్చి చెప్పలేను. ల్యుకేమియా కణాలే చర్మంలో చేరడాన్ని ల్యుకేమియా క్యూటిస్ అంటాం. ఎక్కువగా గట్టి గడ్డలు, ఎరుపు-గోధుమ లేదా ఊదా రంగులో. దురద పెద్దగా ఉండదు. ఎగ్జిమాలో అయితే దురదే ప్రధానం. చిగుళ్లు కూడా ఉబ్బాయంటే నా అనుమానం పెరుగుతుంది. ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అని వేగంగా ముదిరే జబ్బు ఉంది; అందులో మోనోసైట్ రకంలో, అంటే మోనోసైట్లనే తెల్ల రక్తకణాల రకంలో, ఈ రెండూ కనిపిస్తాయి.

యాంకర్: జ్వరం, నొప్పి ఉంటే?

చర్మవైద్యురాలు: అప్పుడు స్వీట్ సిండ్రోమ్ గుర్తుకొస్తుంది. 1964లో డాక్టర్ స్వీట్ వివరించిన జబ్బు. జ్వరంతో పాటు, ముట్టుకుంటే నొప్పెట్టే ఎర్రటి దద్దుర్లు. ఇది ఇన్‌ఫ్లమేషనే, అంటే వాపు, మంట; క్యాన్సర్ కణాలు చేరడం కాదు. కానీ ల్యుకేమియా ఉన్నవాళ్లలోనూ వస్తుంది, చిక్కంతా అక్కడే.

హెమటాలజిస్ట్ (రక్తవ్యాధుల నిపుణులు): చికిత్స పూర్తిగా వేరు కదా. స్వీట్ సిండ్రోమ్ స్టెరాయిడ్లతో కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. క్యూటిస్ అయితే ల్యుకేమియాకే మందు వేయాలి. అందుకే, వీలున్నప్పుడు కూడా బయాప్సీ (పరీక్షకు చిన్న చర్మం ముక్క) తీయకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే నాకు నిజంగా బాధేస్తుంది. చర్మంలో అసలేముందో ఆ తర్వాత పోల్చుకోవడం కష్టం.

పెథాలజిస్ట్ (బయాప్సీ ముక్కల్ని పరీక్షించే నిపుణులు): బయాప్సీ తీసినా అన్నిసార్లూ సులువు కాదు. స్వీట్‌లో సాధారణంగా న్యూట్రోఫిల్స్ అనే ముదిరిన తెల్ల రక్తకణాలు కనిపిస్తాయి, క్యూటిస్‌లో పరిపక్వం కాని కణాలు. అయితే హిస్టియోసైటాయిడ్ స్వీట్ అని ఒక రకం ఉంది, అందులోనూ కణాలు లేతగానే కనిపిస్తాయి. లేత కణాల్ని గుర్తుపట్టే సీడీ34, సీడీ117 పరీక్షలు చేస్తాం. మోనోసైట్ రకంలో అవి తరచూ నెగెటివ్ వస్తాయి, కాబట్టి నెగెటివ్ అనగానే ఊరుకోకూడదు. ఎముక మజ్జలోని మ్యుటేషన్‌తో (జన్యు మార్పుతో) పోల్చినా, స్వీట్‌లోని న్యూట్రోఫిల్స్‌లోనూ అదే మ్యుటేషన్ దొరకొచ్చు. ఇలాంటప్పుడు ఫారం మీద ‘దద్దుర్లు’ అని ఒక్క ముక్క రాసి పంపితే మేమేం చేయాలి? ల్యుకేమియా ఏ రకం, ఏ మందు నడుస్తోంది, గడ్డ ఎప్పుడు లేచింది, ఇవన్నీ రాయండి.

యాంకర్: రక్తపరీక్ష బాగానే ఉందనుకోండి?

హెమటాలజిస్ట్: అరుదుగా ల్యుకేమియా చర్మంలోనే ముందు బయటపడుతుంది. బయాప్సీలో ల్యుకేమియా కణాలుంటే మజ్జ కూడా చూస్తాం.

యాంకర్: చిన్న ఎర్ర చుక్కల గురించి ఒక ప్రేక్షకురాలు అడుగుతున్నారు.

హెమటాలజిస్ట్: నొక్కినా రంగు పోకపోతే అది చర్మం లోపలి రక్తస్రావం. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. ల్యుకేమియా ఉన్నవాళ్లు ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, బయాప్సీ అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.