తూకానికి పోతున్న బంగారు వాచీలు

సభకు నమస్కారం.

వేలంపాటల్లో కోట్లు పలికే వాచీల సంగతి ఈ రోజు నేను ఎత్తడం లేదు. 1960, 70 దశకాల్లో స్విట్జర్లాండ్‌లో 18 క్యారెట్ల బంగారంతో తయారై, చేతికి మరీ చిన్నవిగా ఉన్నాయంటూ చాలామంది సేకర్తలు కూడా దాటిపోతూ వచ్చిన పలుచటి వాచీల గురించి మాట్లాడతాను. వీటికి వాచీగా వచ్చే ధర, బంగారంగా వచ్చే ధర చాలాసార్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే పసిడి ధర పెరిగినప్పుడల్లా కొన్ని కరిగించే మూసలోకి పోతున్నాయి.

ముందుగా పియాజే. జూరా కొండల్లోని లా కోట్-ఓ-ఫే అనే పల్లెలో 1874లో మొదలైన ఈ సంస్థ, 1957లో 9పి అనే కీ ఇచ్చే యంత్రాన్ని తెచ్చింది. దాని మందం 2 మిల్లీమీటర్లు. ఇప్పటి రూపాయి నాణేలు రెండు ఒకదానిపై ఒకటి పెడితే అంతకంటే మందంగా ఉంటాయి. 1960లో వచ్చిన 12పి ఆటోమేటిక్ యంత్రం, అంటే చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కేది, 2.3 మిల్లీమీటర్లలో ఇమిడింది. మామూలుగా ఆటోమేటిక్ వాచీలో ఊగే బరువు యంత్రం మీద కూర్చుని మందాన్ని పెంచుతుంది. పియాజే వారు దాన్ని బాగా చిన్నది చేసి యంత్రం లోపలే ఒదిగించారు. చిన్నదైనా స్ప్రింగును చుట్టగలిగేంత బరువు దానికి ఉండాలి కనుక, అదే పరిమాణపు ఉక్కు కంటే దాదాపు రెండున్నర రెట్లు తూగే మేలిమి బంగారంతో చేశారు. అక్కడ బంగారం అలంకారం కాదు, పనిముట్టు.

యంత్రం పలుచనైతే పైన చోటు మిగులుతుంది. ఆ చోటులోనే లాపిస్ లాజులి, మలకైట్, పులికన్ను వంటి రాళ్ళను రేకుల్లా కోసి డయళ్ళుగా అమర్చారు. ఒక రాతిలోని చారలు మరొక రాతిలో ఉండవు కాబట్టి ఏ రెండు డయళ్ళూ ఒకేలా ఉండవు. నా మటుకు, ఆ కాలపు చేతిపనిలో ఇంతకంటే అందమైనదాన్ని నేను చూడలేదు.

మరి ఇవి ఎందుకు మరుగున పడ్డాయి? 1969 డిసెంబరు 25న టోక్యోలో సైకో సంస్థ విడుదల చేసిన ఆస్ట్రాన్‌తో కీ వాచీల గిరాకీకి గండి పడటం మొదలైంది. కీ అక్కర్లేకుండా బ్యాటరీతో, క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే ఆ తొలి చేతి వాచీ కూడా 18 క్యారెట్ల బంగారందే. వెల 4,50,000 యెన్లు, అంటే ఆనాటి చిన్న కారు ఖరీదు. తర్వాత 1972లో జెరాల్డ్ జెంటా రూపకల్పన చేసిన ఆడెమార్ పిగే సంస్థ వారి రాయల్ ఓక్, 39 మిల్లీమీటర్ల ఉక్కు వాచీగా, బంగారు వాచీలను మించిన ధరకు వచ్చింది. అభిరుచి క్రమంగా పెద్ద ఉక్కు వాచీల వైపు మళ్ళింది. ఇక 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లు తాకినప్పుడు, పెట్టెల్లో పడి ఉన్న వాచీలు కరిగించేవారి దగ్గరకు చేరాయి.

18 క్యారెట్లంటే నూటికి 75 పాళ్ళు. యంత్రం తీసేశాక కేసు, అంటే దాన్ని కప్పి ఉంచే బంగారు గుల్ల, 12 గ్రాములు తూగితే అందులో మేలిమి 9 గ్రాములు. 916 నగలకు అలవాటుపడిన మన ఇళ్ళలో దీన్ని తక్కువరకం అనుకుంటారు కానీ, రోజూ వాడే కేసు గీతలకూ సొట్టలకూ తట్టుకోవాలంటే వెండి, రాగి కలిసిన ఆ గట్టిదనం కావాలి.

కొనేటప్పుడు ముద్రలు చూడండి. 1995కు ముందరి స్విస్ కేసుల్లో హెల్వెషియా అనే స్త్రీ శిరస్సు 18 క్యారెట్లకు, ఉడుత 14 క్యారెట్లకు గుర్తు. ఆ తర్వాత సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. డయలు ముఖం మీద కింది అంచున స్విస్ అనే మాటకు అటూ ఇటూ గ్రీకు సిగ్మా (σ) అక్షరం ఉంటే గంటల గుర్తులు కూడా బంగారమే. మెరుగు పెట్టించిన ప్రతిసారీ కొంత బంగారం అరిగి ముద్ర చెరిగిపోతుంది కనుక, తళతళలాడే కేసు కంటే గీతలున్న కేసునే నేను ఎంచుకుంటాను.

మా మేనమామగారి వాచీని ఇంట్లోవాళ్ళు ఒక నగల దుకాణంలో తూకానికి అమ్మారు. దుకాణదారు కేసు ఉంచుకుని, డయలు, ముళ్ళతో సహా యంత్రాన్ని కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చారు. అది ఇప్పుడు నా దగ్గర ఉంది. కీ ఇస్తే ఇంకా నడుస్తుంది. దానికి సరిపోయే కేసు కోసం పదకొండేళ్ళుగా వెతుకుతున్నాను.