మోర్స్ కోడ్ చార్ట్ తీసేయండి, చెవితో మొదలుపెడదాం

నమస్కారం అందరికీ. హామ్ రేడియో, అంటే సరదాగా సొంత రేడియో సెట్‌తో ఇతరులతో మాట్లాడే హాబీ, దానికి లైసెన్స్ తీసుకుందామనుకుని, అక్షరాల్ని పొట్టి, పొడవు శబ్దాలుగా పంపే మోర్స్ దగ్గరికొచ్చి ఆగిపోయినవాళ్ళ కోసం ఈ వీడియో. లైసెన్స్‌లో కింది మెట్టు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు కాబట్టి చాలామంది అది రాసేసి, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు, తెచ్చుకుని, మోర్స్ పరీక్ష ఉండే పై మెట్టు జనరల్ గ్రేడ్ సంగతి తర్వాత చూద్దాంలే అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు. నా ఉద్దేశంలో దానికి కారణం బద్ధకం కాదు, మొదలుపెట్టే పద్ధతి. ఎక్కడో ఒక చార్ట్ డౌన్‌లోడ్ చేసుకుని ఏ అంటే చుక్క గీత, బీ అంటే గీత మూడు చుక్కలు అని బట్టీ పట్టడం మొదలుపెడతారు చూడండి, కథ అక్కడే అడ్డం తిరుగుతుంది.

ఆ చార్ట్ ఇవాళే తీసేయండి. గోడకి అంటించి ఉంటే చింపేయండి, ఫోన్‌లో ఉంటే డిలీట్ చేయండి.

ఎందుకంటున్నానో ఒక అక్షరంతో చూపిస్తాను. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఇది కె అక్షరం, నిమిషానికి 5 పదాల వేగంలో.

(టోన్: డా... డి... డా)

విన్నారుగా, ఎంత సాగిందో. లెక్క చెప్తాను. చుక్క శబ్దాన్ని డిట్ లేదా డి అంటారు, గీత శబ్దాన్ని డా అంటారు. మోర్స్‌లో అన్నిటికీ కొలత డిట్. డా అంటే మూడు డిట్ల పొడవు. ఒకే అక్షరంలో శబ్దాల మధ్య ఖాళీ ఒక డిట్, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. వేగం కొలవడానికి ప్యారిస్ అనే పదాన్ని ప్రమాణంగా తీసుకున్నారు, చివరి ఖాళీతో కలిపి అది సరిగ్గా 50 డిట్లు వస్తుంది. దాని ప్రకారం 5 పదాల వేగంలో ఒక్క డిట్ 240 మిల్లీసెకన్లు. కె మొత్తం తొమ్మిది డిట్లు, అంటే రెండు సెకన్ల పైమాటే. అంత టైమ్ ఉంటే మెదడు ఊరుకోదు, "గీత, చుక్క, గీత" అని లెక్కపెట్టి, మనసులో చార్ట్ తెరిచి, వెతికి, ఆ కె అంటుంది. ఇప్పుడు అదే అక్షరం 20 పదాల వేగంలో వినండి.

(టోన్: డాడిడా)

డిట్ 60 మిల్లీసెకన్లు, కె మొత్తం అర సెకను. లెక్కపెట్టే సందే లేదు. వినిపించింది ఒకటే శబ్దం, ఆ శబ్దం పేరు కె, అంతే. చార్ట్‌తో నేర్చుకున్నవాళ్ళు 5 పదాల దగ్గర బాగానే నెట్టుకొస్తారు, 8, 10 దగ్గరికొచ్చేసరికి గోడ తగులుతుంది, ఎందుకంటే ఒక అక్షరాన్ని వెతుక్కునేలోపు తర్వాతది వచ్చి వెళ్ళిపోతుంది. అప్పుడు వాళ్ళు చేయాల్సింది ఇంకా ప్రాక్టీస్ కాదు, నేర్చుకున్నది మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి రావడం. అది కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. అందుకే ఇంకా ఏమీ మొదలుపెట్టని వాళ్ళు ఈ వీడియో చూస్తుంటే నాకు మహా సంతోషం.

పద్యాలు చదివే అలవాటు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. ఛందస్సులో గురువుకి రెండు మాత్రలే, ఇక్కడ డాకి మూడు. చేతితో కొట్టేటప్పుడు డాని రెండుకే తెంపేస్తే అవతలివాళ్ళకి డిట్టో డాయో తెలియదు.

సరే, పద్ధతికి వద్దాం. 1930ల్లో లుడ్విగ్ కోచ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద పని చేశాడు. ఆయన పద్ధతిలో మొదటి రోజు నుంచే అసలు వేగం. కాకపోతే అక్షరాలు రెండే. ఆ రెండూ కలగలిపి వస్తుంటే మీరు రాసుకుంటూ పోవాలి. నూటికి 90 సరిగ్గా వచ్చాక మూడోది కలపాలి, మళ్ళీ 90 దాటాక నాలుగోది. ఇప్పుడు చాలా ప్రోగ్రాముల్లో ఆ మొదటి రెండూ కె, ఎం. ఎల్‌సీడబ్ల్యూవో అనే ఫ్రీ వెబ్‌సైట్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, అందులో పాఠాలన్నీ ఈ వరసే. ఒక పని చేద్దాం, ఇప్పుడే. పెన్సిల్, కాగితం తీసుకోండి.

(టోన్: డాడా. డాడిడా. డాడిడా. డాడా. డాడిడా)

ఎం, కె, కె, ఎం, కె. వచ్చిందా? రాకపోయినా ఏం పర్లేదు. మధ్యలో ఒకటి అందకపోతే చిన్న గీత పెట్టి వదిలేయండి, దాని వెనకాల పరిగెత్తకండి. పోయిన అక్షరం గురించి ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి మూడూ పోతాయి. ఈ వదిలేయడం అనేదే అన్నిటికన్నా ఆలస్యంగా అలవాటయ్యేది, పరీక్షలో కాపాడేది కూడా అదే.

రోజుకి పదిహేను నిమిషాలు, వీలైతే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. వారమంతా వదిలేసి ఆదివారం రెండు గంటలు కూర్చోవడం వల్ల ఉపయోగం లేదు, అరగంట దాటాక చెవి అలసిపోయి తప్పుల్నే నేర్చుకుంటుంది. కొన్ని రోజులు 60 శాతం దగ్గరే ఆగిపోతారు. టెన్షన్ పడకండి, కొత్త అక్షరం కలిపినప్పుడల్లా పాతవి కాస్త చెదురుతాయి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. వేగం మాత్రం తగ్గించకండి.

మరి 20 పదాల వేగం నావల్ల కాదు అనేవాళ్ళకి ఫార్న్స్‌వర్త్ పద్ధతి ఉంది. అక్షరం అక్షరం వేగంగానే వస్తుంది, అక్షరాల మధ్య ఖాళీని మాత్రం సాగదీస్తారు. అంటే డాడిడా అర సెకనులో అయిపోతుంది, ఆ తర్వాత మీరు కె అని రాసుకునేదాకా ఆగి తర్వాతది వస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ ఖాళీని దగ్గరికి లాగుతూ పోవాలి. నేనైతే రెండూ కలిపే చెప్తాను, కోచ్ వరసలో అక్షరాలు, ఫార్న్స్‌వర్త్ ఖాళీలు. యాప్‌లో అక్షర వేగం 20, మొత్తం వేగం 8 అని పెట్టుకుంటే సరిపోతుంది.

ఆ 8 ఎందుకంటే మన జనరల్ గ్రేడ్ పరీక్షకి పెట్టిన వేగం అదే. 2003లో అంతర్జాతీయ రేడియో సదస్సు మోర్స్ పరీక్షని ఏ దేశానికి ఆ దేశం ఇష్టానికి వదిలేసింది, అమెరికా 2007లో తీసేసింది, మన దగ్గర జనరల్ గ్రేడ్‌కి ఉంచారు. ఇక్కడ ఒక జాగ్రత్త. పరీక్షలో అక్షరాలు కూడా నిదానంగానే రావచ్చు, ఎవరైనా చేత్తో కొడితే మరీను. 20లో అలవాటైన చెవికి 8లో డా... డి... డా అని సాగితే అక్షరం ముక్కలైపోయినట్టు ఉంటుంది. అందుకని పరీక్షకి రెండు వారాల ముందు నుంచి అక్షర వేగాన్ని 15కి, తర్వాత 12కి, చివరికి 8కి దించుతూ వినండి. శబ్దం ఒకసారి వంటబట్టాక దించడం తేలిక.

కొన్ని జంటలు అందర్నీ ఇబ్బంది పెడతాయి. హెచ్‌కి నాలుగు డిట్లు, 5 అంకెకి ఐదు. బీ, 6 కూడా అంతే, డా తర్వాత మూడు డిట్లా నాలుగా అన్నదే తేడా. ఎల్ అంటే డిడాడిడిట్, ఎఫ్ అంటే డిడిడాడిట్, డా ఒక్క అడుగు జరిగింది. వీటిని లెక్కపెట్టి తేల్చుకోవాలని చూడకండి, మళ్ళీ చార్ట్ దగ్గరికే పోతారు. ఆ రెండింటినే పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఐదు నిమిషాలు వినండి, తేడా దానంతటదే బయటపడుతుంది.

ఇక కీ, అంటే మోర్స్ కొట్టే మీట. సగం అక్షరాలు చెవికి పట్టేదాకా కీ ముట్టుకోవద్దని నా సలహా. ముందే కొట్టడం మొదలుపెడితే మన తప్పు లయనే మన చెవి వింటూ ఉంటుంది. మొదట స్ట్రెయిట్ కీ, అంటే కిందికి నొక్కినంతసేపు శబ్దం వచ్చే మామూలు కీ, తీసుకోండి. కీని బల్ల మీద కదలకుండా బిగించండి, ముంజేయి బల్లకి ఆనాలి, వేళ్ళు నాబ్ మీద వదులుగా ఉండాలి, కదలాల్సింది మణికట్టు. వేళ్ళతో పొడిస్తే పది నిమిషాల్లో చెయ్యి పట్టేస్తుంది. కాంటాక్టుల మధ్య సందు ఒక మందపాటి కాగితం పట్టేంత చాలు. శబ్దానికి 555 అనే ఐసీ చిప్‌తో చిన్న ఆసిలేటర్, అంటే టోన్ పుట్టించే సర్క్యూట్, కట్టుకోవచ్చు, ఎలక్ట్రానిక్స్ షాపులో చవగ్గా దొరుకుతుంది. లైసెన్స్ ఉండి రిగ్, అంటే రేడియో సెట్, ఉన్నవాళ్ళు చాలా రిగ్గుల్లో బ్రేక్-ఇన్ అనే సెట్టింగ్ ఆఫ్ చేసుకుంటే గాల్లోకి ఏమీ పోకుండా సైడ్‌టోన్, అంటే మనం కొట్టింది మనకే వినిపించే టోన్, ఒక్కటే వినిపిస్తుంది. మీరు కొట్టింది ఫోన్‌లో రికార్డ్ చేసి మర్నాడు వినండి. మీరే రాసుకోలేకపోతే ఇంకెవరూ రాసుకోలేరు.

క్లబ్బుల్లో నేర్పే పెద్దలకి ఒక విన్నపం. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, మన దగ్గర నేర్పగలిగినవాళ్ళకి కొదవ లేదు. దయచేసి బోర్డు మీద చుక్కలు గీతలు గీయకండి సార్. శబ్దం వినిపించండి, ఒక్క క్షణం ఆగండి, అక్షరం పేరు చెప్పండి. మొదటి వారాల్లో మీ చేతి కన్నా కంప్యూటర్ టోనే మంచిది, ఎందుకంటే ప్రతి చేతికీ ఒక యాస ఉంటుంది, పిల్లలు ఆ యాసనే మోర్స్ అనుకుంటారు. అక్షరాలు కుదిరాక మాత్రం మీ చేత్తోనే వినిపించండి, బ్యాండ్ మీద, అంటే హామ్‌లు వాడే ఫ్రీక్వెన్సీల్లో, వాళ్ళకి తగిలేవి రకరకాల చేతులే కదా.

అక్షరాలన్నీ వచ్చాక పెన్సిల్ పక్కన పెట్టండి. సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు), డీఈ (ఫలానావారి నుంచి), యూఆర్ (మీ), నేమ్, ఆర్‌ఎస్‌టీ (సిగ్నల్ ఎలా వినిపిస్తోందో చెప్పే రిపోర్ట్), డబ్ల్యూఎక్స్ (వాతావరణం), 73 (శుభాకాంక్షలు), ఇవి దాదాపు ప్రతి క్యూఎస్‌ఓలో, అంటే రేడియో సంభాషణలో, వస్తాయి, వీటిని అక్షరాలుగా కాకుండా పూర్తి మాటగా పట్టుకోవాలి. సీక్యూ ఎలా ఉంటుందో వినండి.

(టోన్: డాడిడాడిట్ డాడాడిడా)

వారం రోజులు ఇదొక్కటే విన్నా, బ్యాండ్ తిప్పుతుంటే ఎంత గోలలో ఉన్నా మీ చెవి దాన్ని పట్టేస్తుంది. లైసెన్స్ వచ్చాక 14.060, 7.030 మెగాహెర్ట్జ్ చుట్టూ వినండి, క్యూఆర్‌పీ వాళ్ళు, అంటే 5 వాట్లలోపు పవర్‌తో మాట్లాడేవాళ్ళు అక్కడ తిరుగుతుంటారు, సాధారణంగా ఓపికమంతులు. ఎదుటివాళ్ళు వేగంగా కొడుతుంటే క్యూఆర్‌ఎస్ అని పంపండి, నిదానించండి అని అర్థం, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి కాంటాక్ట్‌కి ముందు మీ కాల్‌సైన్, పేరు, ఊరు, రిపోర్ట్ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. చేతులు వణుకుతాయి, అప్పుడు సొంత పేరు కూడా గుర్తు రాదు.

మీకు ఏ రెండు అక్షరాలు కలిసిపోతున్నాయో కింద రాయండి, వాటితోనే పది నిమిషాల ప్రాక్టీస్ ఆడియో చేసి వచ్చే వీడియోలో పెడతాను. ఉంటాను, 73.