పేరు పువ్వుది, వాసన ఆకుది

శ్రోతలకు నమస్కారం. పెళ్లి మండపం గుమ్మంలో పన్నీరు చల్లించుకోని వాళ్లు మనలో ఎవరుంటారు? ఎండాకాలం ముహూర్తమైతే ఆ నాలుగు చుక్కలకే ప్రాణం లేచొస్తుంది. మొన్న హన్మకొండలో మా మేనకోడలు, మొహానికి కొట్టుకునే స్ప్రే సీసా తెచ్చి "మామా, వాసన చూడు" అంది. అచ్చం పన్నీరే అనుకున్నాను. సీసా వెనక చదివితే గులాబీ ఊసే లేదు. 'పెలార్గోనియం గ్రేవియోలెన్స్ ఫ్లవర్ వాటర్' అని ఉంది. అంటే జెరేనియం పూల నీళ్లు.

ఇక్కడే ఉంది తిరకాసు. పేరు పూల నీళ్లే గానీ, ఆ గులాబీ వాసనంతా ఉండేది ఆకులో. ఆకు మీది సన్నటి నూగులో తైలం దాగుంటుంది. తులసాకును నలిపినట్టు నలిపితే చాలు, చేతికి అంటుకుంటుంది. కుండీల్లో ఎర్రగా గుత్తులు పూసే జెరేనియం వేరు, దానికి ఈ వాసన రాదు. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణాఫ్రికా. 1789లోనే దీన్ని జెరేనియం నుంచి విడదీసి పెలార్గోనియం అన్నారు. అయినా జనం నోట్లో ఇప్పటికీ పాత పేరే.

ఆకునూ లేత కొమ్మలనూ పెద్ద పాత్రలో కుక్కి, అడుగు నుంచి ఆవిరి పంపుతారు. ఆవిరి తైలాన్ని మోసుకుంటూ గొట్టంలోకి పోయి, చల్లబడి మళ్లీ నీరవుతుంది. ఏటూరునాగారం వైపు ఇప్పసారా బట్టి చూసినవాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు, చూశామని ఒప్పుకుంటే! పైన తేలేది తైలం, కింద మిగిలేది ఈ నీళ్లు. 100 కిలోల ఆకుకు తైలం సుమారు 100 నుంచి 200 గ్రాములే వస్తుంది, అందుకే దానికంత ధర. నీళ్లు మాత్రం బోలెడు. కడుపునొప్పికి మందుల షాపులో అమ్మే ఓమ వాటర్ కూడా ఈ వరసదే.

మన దగ్గర పండుతుందా అంటే, నీళ్లు నిలిచే నల్లరేగడిలో వానాకాలం వేరు కుళ్లుతుంది. ఆ టెన్షన్ పడగలిగిన రైతే దిగాలి.

మొహానికి ఏం చేస్తుంది? నీళ్లలో తైలం కొసరంత కరిగి ఉంటుంది, వాసన దానిదే. చల్లదనం మాత్రం చాలావరకు నీళ్లు ఆరడం వల్లే, మట్టికుండ చల్లబడినట్టు. మొటిమలు మాయం, రంగు వస్తుంది అని ఎవరన్నా చెబితే నేనైతే నమ్మను. అందులో వాసననిచ్చే సిట్రనెలాల్, జెరానియాల్ అనే పదార్థాలు కొందరి చర్మానికి పడవు. ముందు మోచేతి మడతలో రాసి, ఒక రోజు ఆగి చూడండి. ఇంకో మాట. ఇవి ఎంతైనా నీళ్లే, నిలవుంటే క్రిములు పెరుగుతాయి. 'ప్రిజర్వేటివ్ లేదు' అని గొప్పగా రాసుంటే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి. వాసన మారినా, లోపల తెల్లటి పోగులు తేలినా పారబోయాలి.

కొనేముందు సీసా వెనక వరస చూడండి. ఏది ఎక్కువ పోశారో దాని పేరే ముందు రాస్తారు. ఒక శాతం కంటే తక్కువున్న వాటికే ఆ వరస పట్టింపు లేదు. మా మేనకోడలి సీసాలో మొదట మామూలు నీళ్లు, జెరేనియం ఎక్కడో తొమ్మిదోది, దాని పక్కనే 'పర్‌ఫ్యూమ్'. ఆ మాటే చెప్పాను. పిల్ల నవ్వి, నా మొహాన ఇంకోసారి కొట్టి, "అయినా చల్లగుంది కద మామా" అంది. మే నెల మధ్యాహ్నం, పైగా కరెంటు లేదు. కాదని ఎట్లా అనను?