సూప్ జావ అయిన రోజు: కార్న్ అనే మాట కథ

అక్క: నమస్కారం. ఈరోజు మాట మా వంటింట్లో పుట్టింది, అదీ ఒక గిన్నెడు సూప్ పాడయ్యాక.

తమ్ముడు: డాలస్ వెళ్లిన కొత్తలో చేసిన సూపేనా?

అక్క: అదే. చిక్కబడాలని కార్న్‌ఫ్లోర్ కొన్నాను. మన దగ్గర ఆ పేరుతో దొరికేది తెల్లటి పిండి, వేళ్ల మధ్య నలిపితే కిరకిరలాడుతుంది. ఇక్కడ పొట్లం విప్పితే పసుపుపచ్చగా ఉంది. అనుమానం వచ్చినా కలిపి పోశాను. సూప్ కాస్తా జావ అయింది.

తమ్ముడు: మన కార్న్‌ఫ్లోర్‌ను అక్కడ కార్న్‌స్టార్చ్ అంటారక్కా. అది గింజలోంచి తీసిన పిండిపదార్థం మాత్రమే. నువ్వు కొన్నది మొక్కజొన్న పిండి. మనకు వచ్చింది ఇంగ్లండు వాడుక. అసలు కార్న్ అంటే మొక్కజొన్నే అనుకోవడం మాత్రం అమెరికా నుంచి వచ్చింది.

అక్క: మరి ఇంగ్లండులో?

తమ్ముడు: పాత ఇంగ్లిషులో కార్న్ అంటే గింజ, అంతే. ఎక్కడ ఏది ఎక్కువగా పండితే దానికి ఆ పేరు. ఇంగ్లండులో గోధుమ, స్కాట్లండులో ఓట్స్. మిరియపు గింజను పెప్పర్‌కార్న్ అంటారు కదా, అందులో మొక్కజొన్న ఎక్కడుంది? కార్న్‌డ్ బీఫ్‌లోనూ లేదు. అది ఉప్పులో ఊరబెట్టిన మాంసం. పెద్ద పెద్ద ఉప్పు పలుకులను వాళ్లు కార్న్ అన్నారు.

అక్క: మనం రాళ్ల ఉప్పు అన్నాం. మనకు రాయి కనిపించింది, వాళ్లకు గింజ కనిపించింది!

తమ్ముడు: 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో యేసు శిష్యులు చేలో కార్న్ తుంచుకుని తింటారు. ఆ కాలంలో పాలస్తీనాలో మొక్కజొన్న లేనేలేదు. తెలుగు బైబిల్లో ‘వెన్నులు’ అని ఉంటుంది. మొక్కజొన్నకైతే పొత్తు అనేవాళ్లం కదా.

అక్క: ఈ పేరు మొక్కజొన్నకు ఎలా అంటుకుంది మరి?

తమ్ముడు: అమెరికా చేరిన ఇంగ్లిషువాళ్లు అక్కడి ఆదివాసుల పంట చూసి ‘ఇండియన్ కార్న్’ అన్నారు. పోనుపోను ముందుమాట రాలిపోయింది. మెయిజ్ అనే ఇంకో పేరు కరీబియన్ దీవుల టైనో భాషది, స్పానిష్ మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది. నాకు బాగా నచ్చే ముచ్చట ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో 1815లో కార్న్ చట్టాలు తెచ్చారు. బయటి ధాన్యం చౌకగా దిగకుండా అడ్డుకట్ట.

అక్క: ధాన్యం అంటే గోధుమ, బార్లీ వగైరా.

తమ్ముడు: అవును. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులు పట్టింది. ప్రధాని రాబర్ట్ పీల్ గుట్టుచప్పుడు కాకుండా అమెరికా నుంచి లక్ష పౌండ్ల విలువైన ఇండియన్ కార్న్ తెప్పించాడు. మరుసటి ఏడాదే కార్న్ చట్టాలు రద్దు చేయించాడు. ఒకే మనిషి, ఒకే గొడవ, కార్న్ మాత్రం రెండు రకాలు! ఆ గింజలు ఐర్లండు వాళ్లకు కొత్త, పైగా రాళ్లలా గట్టివి. సరిగా ఉడక్క కడుపులు పాడయ్యాయి. ఆ పసుపు రంగు చూసి జనం ‘పీల్ గంధకం’ అని పేరు పెట్టారు.

అక్క: నా సూప్‌కూ ఆ పేరు సరిపోయేది. అయినా మనం చేసిందీ అలాంటిదే కదరా. అమెరికా పంట వచ్చింది, చూడటానికి జొన్నచేనులా ఉంది, మొక్కజొన్న అన్నాం.

తమ్ముడు: తెలంగాణలో మక్కలు అనీ అంటారు. కాకపోతే మనం పాత జొన్నకు దాని పేరు దానికే ఉంచాం. ఇంతకీ మిగిలిన పసుపు పిండి ఏం చేశావు?

అక్క: అమ్మకు ఫోన్ చేశాను. ‘జొన్నపిండిలాగే మరిగే నీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టు’ అంది. మొదటి రొట్టె పెనం మీద మూడు ముక్కలైంది. రెండోది నిలిచింది.