ఖరీదైన మ్యూజిక్ ప్లేయర్: ఓనర్ల మాటల్లో ఏది నమ్మాలి?

[తెర మీద: అరచేతిలో బంగారు రంగు ప్లేయర్.]

ఇది సోనీ డబ్ల్యూఎం1జెడ్. 2016లో వచ్చింది. చట్రం రాగిది, పైన బంగారు పూత. బరువు 455 గ్రాములు. దీంతోపాటే వచ్చిన డబ్ల్యూఎం1ఏ అల్యూమినియంది, 267 గ్రాములే. రెండింట్లోనూ ఆంప్లిఫయర్ చిప్ ఒకటే. జెడ్‌లో చట్రంతో పాటు లోపలి వైరింగ్ కూడా వేరు.

రెండూ వాడినవాళ్లని అడిగితే చాలామంది ఒకే మాట చెప్తారు: జెడ్‌లో బేస్ నిండుగా ఉంటుంది, గొంతు మెత్తగా వినిపిస్తుంది, డబ్ల్యూఎం1ఏలో శబ్దం కాస్త పలచన. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ తేడాలో ఎంత భాగం ప్లేయర్‌ది, ఎంత భాగం వాల్యూమ్‌ది?

[తెర మీద: టేబుల్ మీద రెండు ప్లేయర్లు, పక్కన మల్టీమీటర్.]

ఒక సాయంత్రం రెండు ఖరీదైన ప్లేయర్లు పక్కపక్కన పెట్టుకుని విన్నాను. రెండోది పెట్టగానే పాట విశాలంగా తెరుచుకున్నట్టనిపించింది. గాయని పాట ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి కూడా వినపడింది. ఆ తర్వాత ఇయర్‌ఫోన్స్ తగిలించి, 100 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజ్ సమానం చేశాను. కళ్లు మూసుకుంటే ఫ్రెండ్ ప్లేయర్లు మార్చి ఇచ్చాడు. ఈసారి ఆ ఊపిరి రెండింట్లోనూ ఉంది. ఏది ఏదో చెప్పలేకపోయాను.

శబ్దం ఒక డెసిబెల్ పెరిగినా చెవి దాన్ని 'పెరిగింది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. బ్యాలెన్స్‌డ్ జాక్‌కి (కుడి, ఎడమ చెవులకి విడివిడి తీగలతో సిగ్నల్ పంపే జాక్) మారితే సౌండ్ మారిపోయిందనే మాట వెనక తరచుగా ఉండేది ఇదే. చాలా ప్లేయర్లలో ఈ 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్ నుంచి మామూలు జాక్ కంటే వోల్టేజ్ ఎక్కువ వస్తుంది. రెట్టింపు వస్తే 6 డెసిబెల్స్ పెరిగినట్టే.

అయితే వాల్యూమ్ సమానం చేశాక కూడా ఒక తేడా మిగిలింది. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దంలో ఒక ప్లేయర్ నుంచి సన్నటి 'స్స్' మని హిస్ వచ్చింది. రెండింట్లో ఖరీదు ఎక్కువ దాన్నుంచే.

[తెర మీద: రకరకాల ఇయర్‌ఫోన్స్.]

ఒకే ప్లేయర్ గురించి ఇద్దరు ఓనర్లు ఎదురెదురుగా మాట్లాడినా ఇద్దరిదీ నిజమే కావచ్చు. లోపల చాలా డ్రైవర్లు (చిన్న చిన్న స్పీకర్లు) ఉన్న ఇయర్‌ఫోన్స్‌లో ఇంపెడెన్స్, అంటే కరెంట్‌కి అడ్డుపడే గుణం, ఫ్రీక్వెన్సీని బట్టి బాగా మారుతుంది. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైతే బేస్, ట్రెబుల్ మధ్య తూకం నిజంగానే మారిపోతుంది. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఇయర్‌ఫోన్స్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదనేది వాడుకలో ఉన్న లెక్క: 16 ఓమ్స్ ఇయర్‌ఫోన్స్‌కి ప్లేయర్ 2 ఓమ్స్ లోపు ఉండాలి. అందుకే ఏ ఇయర్‌ఫోన్స్, ఏ జాక్, ఏ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) అన్నది చెప్పని అభిప్రాయం నాకు ఉపయోగపడదు.

సౌండ్ పక్కన పెడితే, ఓనర్ మాటకి తిరుగులేని విషయాలు వేరే ఉన్నాయి. గంట విన్నాక ఎంత వేడెక్కుతుంది? కార్డ్‌లో వేల పాటలుంటే స్క్రోల్ చేస్తుంటే ఆగుతుందా? జేబులో బటన్లు వాటంతటవే నొక్కుకుంటున్నాయా? పాత ఆండ్రాయిడ్ అయితే స్ట్రీమింగ్ యాప్స్ ఇంకా పనిచేస్తున్నాయా? ఇవి పది నిమిషాలు విన్నవాడికి తెలియవు, ఆరు నెలలు వాడినవాడికే తెలుస్తాయి.

[తెర మీద: పాజ్ బటన్ మీద వేలు.]

కొనేముందు మీ సొంత ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్లండి. మీరు రోజూ వినే వాల్యూమ్‌లో ఒక నెమ్మదైన పాట పెట్టండి. పాట చివర్లో గొంతు ఆగిపోయాక వచ్చే రెండు మూడు సెకన్ల నిశ్శబ్దంలో ఏం వినిపిస్తుందో గమనించండి.