యేల్ పేరు కొన్నది మన తీరం సొమ్ముతోనే!

అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఆ పేరు ఎవరి సొమ్ముతో వచ్చిందో తెలుసా? మద్రాసు సొమ్ముతో! మన కోరమండల్ బట్టల వ్యాపారం, మన గోల్కొండ వజ్రాల వ్యాపారం. ఆ సొమ్ముతో!

నమస్తే అండి. బానిసత్వంతో తమకున్న సంబంధాలకు యేల్ 2024 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పిందని పోయిన వీడియోలో చెప్పాను కదా. కింద ఒకటే గోల. "పాతవి తవ్వి ఏం లాభం? అమెరికాలోని ఆ ఇంగ్లిష్ కాలనీలు ప్యూరిటన్ల (కఠిన నియమాల ఇంగ్లిష్ ప్రొటెస్టెంట్ల) కష్టంతో, చదువు మీద మక్కువతో ఎదిగాయి" అని.

మక్కువ ఉంది, కాదనను. హార్వర్డ్ 1636లోనే పెట్టారు. 50 ఇళ్లున్న ప్రతి ఊళ్లో చదవడం, రాయడం నేర్పే మనిషి ఉండాలని మసాచుసెట్స్ 1647లోనే చట్టం చేసింది. కానీ మక్కువతో గోడలు లేస్తాయా? డబ్బు కావాలి కదా! న్యూ ఇంగ్లండ్ వాళ్లు, అంటే మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలాండ్ లాంటి కాలనీల వాళ్లు, కాడ్ చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టేవారు. మంచి సరుకు యూరప్‌కి, నాసిరకం వెస్టిండీస్ చెరకు తోటల్లో బానిసల తిండికి. అక్కణ్ణుంచి మొలాసిస్ (చెరకు మడ్డి) తెచ్చి రోడ్ ఐలాండ్‌లో రమ్ కాచేవారు. ఆ రమ్ముతో ఆఫ్రికాలో మళ్లీ మనుషుల్నే కొన్నారు. కష్టం ఎవరిదండీ ఇక్కడ?

ఇప్పుడు యేల్ దగ్గరికి రండి. ఎలైహు యేల్ పుట్టింది బోస్టన్‌లో, 1649లో. ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చి, 1687లో సెయింట్ జార్జ్ కోటకు గవర్నర్ అయ్యాడు. సరిగ్గా గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన ఏడాది! యూరప్ వెళ్లే ప్రతి ఓడలో కనీసం 10 మంది బానిసల్ని పంపాలన్న ఆదేశం అమలైంది ఈయన హయాంలోనే. సొంత వ్యాపారంలో అడ్డంగా సంపాదించాడని చివరికి 1692లో కంపెనీయే దించేసింది. ఆయన స్థానంలో ఎవరొచ్చారో చూడండి: నథానియల్ హిగ్గిన్‌సన్. కనెక్టికట్‌లో పుట్టి హార్వర్డ్‌లో చదివినవాడు! మద్రాసును హార్వర్డ్ పట్టభద్రుడు ఏలాడండీ, 1692లో! ఆ కాలనీలకూ మనకూ ఏ సంబంధమూ లేదని ఇంకా అంటారా?

కనెక్టికట్‌లో 1701లో పెట్టిన చిన్న కాలేజీ డబ్బుల్లేక అల్లాడుతోంది. బోస్టన్ మతగురువు కాటన్ మాథర్ 1718లో లండన్‌లో ఉన్న యేల్‌కి ఉత్తరం రాశాడు: సాయం చేయండి, కాలేజీకి మీ పేరు పెడతారు అని. యేల్ పంపినవి 9 బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజు జార్జ్ బొమ్మ ఒకటి. బేళ్లలో కాలికో, మస్లిన్ అనే నూలు బట్టలు ఉన్నాయి. సరుకు అమ్మితే 560 పౌండ్లకు పైగా వచ్చింది. పేరు మారిపోయింది. అంతే, బేరం కుదిరింది!

అసలు నా రక్తం మరిగేది ఇక్కడ. అదే మాథర్ ఇంట్లో ఒనెసిమస్ అనే ఆఫ్రికన్ బానిస ఉండేవాడు. 1706లో చర్చి వాళ్లు కొని మాథర్‌కి కానుకగా ఇచ్చారు. అవును, మనిషిని! మశూచి పుండులోని రసి కొద్దిగా తీసి చేతి మీద గాటులో పెడితే పెద్ద రోగం రాదని, తనకు ఆఫ్రికాలో అలా చేశారని చెప్పి, ఆ మచ్చ చూపించింది ఆయనే. 1721లో బోస్టన్‌ని మశూచి ఊడ్చేస్తున్నప్పుడు డాక్టర్ బాయిల్‌స్టన్ ఆ పద్ధతే పాటించాడు. మామూలుగా సోకిన దాదాపు 5,900 మందిలో 844 మంది చనిపోయారు. గాటు పెట్టించుకున్న 240 మందికి పైగా జనంలో పోయింది ఆరుగురు. ఆఫ్రికన్ల మాట నమ్ముతారా అని వెక్కిరించిన డాక్టరూ ఉన్నాడు. మాథర్ ఇంట్లోకి బాంబు కూడా విసిరారు!

ఆ కాలనీల మేధో వికాసంలో ఇంతకంటే పెద్ద సంఘటన నాకు చూపించండి. డబ్బిచ్చినవాడి పేరు కాలేజీకి పెట్టించిన మాథర్, జ్ఞానమిచ్చిన మనిషిని ఇంట్లో బానిసగా ఉంచుకున్నాడు. ఒనెసిమస్ అన్నది కూడా మాథర్ పెట్టిన పేరే. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏ కాగితంలోనూ లేదు.

యేల్ పేరు తీసేయాలా అని అడుగుతున్నారు. నేను ఉంచమనే అంటాను. ఆ పేరు పక్కనే మద్రాసు అనీ, గోల్కొండ అనీ, ఆ ఓడలెక్కించిన మనుషుల సంగతీ అంతే పెద్ద అక్షరాలతో రాయాలి. కాదంటే ఎందుకు కాదో కామెంట్లో చెప్పండి, ఒక్కొక్కటీ చదువుతాను.